మన చేలలో మెరిసే రాళ్లు



మృగశిర కార్తెలో తొలివాన పడిన తరువాతి ఆదివారము. గుడిబండ పక్కన ఉన్న ఒక పల్లెలో ఆరాధన ముగిసి, అందరూ చెప్పులు వేసుకొని బయలుదేరుతున్నారు. ఒక సహోదరుడు మాత్రము కదలలేదు. అందరూ వెళ్లాక దగ్గరకు వచ్చి, తువ్వాలు కొసన వేసిన ముడి విప్పి, బొటనవేలంత రాయిని మా చేతిలో పెట్టాడు. అద్దమువలె తెల్లగా ఉంది. ఒక కొస సూదిగా ఉంది. చేతిలో తిప్పితే వెలుతురు అటూ ఇటూ ఆడింది.

"అయ్యగారూ, మా పిల్లోనికి చేన్లో దొరికింది. సీసా మీద గీస్తే గీత పడింది. వజ్రమే కదా? వజ్రమైతే మా అప్పు తీరిపోతాది" అన్నాడు.

ఆయన భార్య గుమ్మము దగ్గర చంటిబిడ్డను ఎత్తుకొని నిలబడి ఉంది. మాట్లాడలేదు. తరువాత మాకు తెలిసినదేమంటే, అంతకు ముందు రెండేండ్లు ఆయన విత్తనము వేసే వేళకే ఇల్లు విడిచి, హిందూపురములో రైలెక్కి, పెనుకొండ, ధర్మవరము దాటి గుంతకల్లులో దిగి, వజ్రకరూరు చేలలో వజ్రాలు వెదకబోయాడు. రెండుసార్లూ వట్టి చేతులతోనే తిరిగివచ్చాడు. మూడవసారి పోవడానికి వడ్డీకి డబ్బు మాట్లాడుకొన్నాడు. శెనక్కాయ విత్తనాలకని దాచిన డబ్బు కూడా అందులోకే పోనుంది. ఆ తల్లి మౌనమునకు కారణము అదే.

రాయిని వెలుతురులో పెట్టి చూశాము. ఆరు పక్కలు ఉన్నవి. పైన ఆరు ముఖాలు కలిసి గోపురమువలె కొనదేరి ఉన్నవి. అది వజ్రము కాదు, పలుగు. మంచి పలుగు స్ఫటికము. ఆ మాట చెప్పడానికి మాకు కొంచెము సమయము పట్టింది. విని, తువ్వాలు మళ్లీ భుజాన వేసుకొని, రాయిని మా బల్లమీదనే వదిలి వెళ్లిపోయాడు. ఆ రాయే ఈ వ్యాసమునకు కారణము.

వజ్రకరూరు సంగతి

మన గుడిబండ, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతాలు 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చాయి. వజ్రకరూరు అనంతపురము జిల్లాలోనే ఉండిపోయింది. కాని తొలకరి పడగానే అక్కడి చేల కబుర్లు మన ఊళ్ల టీ అంగళ్లకు ఇప్పటికీ చేరుతుంటాయి. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలలోనూ ఇదే వెదుకులాట. కర్ణాటక నుండి, తెలంగాణ నుండి కూడా జనము వచ్చి, చెట్లకింద పడుకొని, పొద్దున్నే తలవంచుకొని నేలవైపు చూస్తూ నడుస్తారు.

ఇది వట్టి పుకారు కాదు. వజ్రము భూమి లోపల సుమారు 150 కిలోమీటర్ల కంటె లోతున, మనము ఊహించలేని వేడిమిలో, ఒత్తిడిలో ఏర్పడుతుంది. అది మన పొయ్యిలోని బొగ్గులో ఉన్న కర్బనమే, కూర్పు వేరు. ఆ లోతు నుండి కింబర్లైట్ అనే రాయి కరిగి, పైకి పొంగి వచ్చినప్పుడు దారిలోని వజ్రాలను మోసుకొని వచ్చింది. వజ్రకరూరు కింబర్లైటు రాళ్లు సుమారు 110 కోట్ల ఏండ్ల నాటివని శాస్త్రజ్ఞుల లెక్క. తరువాత ఎండకు, వానకు ఆ రాళ్లు శిథిలమై మట్టిలో కలిసినవి. వాన మట్టిని కడిగినప్పుడు ఎక్కడో ఒక వజ్రము పైకి తేలుతుంది. అందుకే తొలివాన తరువాత వెదకుట.

పద్దెనిమిదవ శతాబ్దపు తొలి పాదములో బ్రెజిల్ దేశములో వజ్రాలు బయటపడేవరకు, లోకానికి వజ్రాలు దాదాపు అన్నీ మన దేశమునుండియే వెళ్లేవి. బోర్నియో ద్వీపమునుండి కొన్ని వెళ్లేవి. కోహినూరు కృష్ణానది ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. పదిహేడవ శతాబ్దములో ఆ గనిని చూసిన తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు, అక్కడ పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిసి అరవైవేలమంది పనిచేస్తున్నట్టు వ్రాశాడు. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలియదు. వజ్రాలు రాజుల కిరీటాలకు ఎక్కినవి. తవ్వినవారు కూలితోనే పోయారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్లలో మునిగి ఉంది.

కింబర్లైటు అనే పేరు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణమునుండి వచ్చింది. ఆ దేశములో పేరుపొందిన మొదటి వజ్రము 1867 ప్రాంతములో బయటపడిన తీరు వినదగినది. ఆరెంజ్ నది దగ్గర పదిహేనేండ్ల రైతుబిడ్డ ఒక మెరిసే రాయి ఏరుకొన్నాడు. పిల్లలు దానితో ఆడుకొన్నారు. పొరుగు రైతు కొంటానని అడిగితే, గులకరాయికి డబ్బేమిటని తల్లి ఊరకనే ఇచ్చివేసిందట. అది ఇరవైయొక్క క్యారెట్లకు పైబడిన వజ్రము. ఇటువంటి కథ ఒకటి వింటే చాలు, పదివేలమంది సంచులు భుజాన వేసుకొంటారు. దొరికినవాని పేరు పత్రికలో పడుతుంది. దొరకక తిరిగివచ్చినవాని పేరు షావుకారి పుస్తకములో పడుతుంది.

మన ధర్మవరము పక్కన రామగిరిలోనూ, సరిహద్దు అవతల కోలారులోనూ బంగారు గనులు ఉండేవి కదా! అవి రెండూ 2001 నాటికి మూతపడినవి. కోలారు గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత దిగినా భూమి ఇచ్చేది ఒకనాడు ముగిసింది. తన భూమిని నమ్ముకొని కష్టపడేవానికి తిండికి లోటుండదనీ, ఉత్త ఆశల వెంట పరుగెత్తేవాని ఇంట లేమి కాపురముంటుందనీ సొలొమోను హెచ్చరించిన సంగతి సామెతలు 28వ అధ్యాయములో చదువుతాము. ఆ జ్ఞాని మన జ్యేష్ఠమాసాన్ని చూసి వ్రాసినట్టే ఉంది.

గీత పడితే వజ్రమేనా?

ఆ సహోదరునివలె పొరపాటుపడేవారు చాలామంది కాబట్టి, తెలిసినంతవరకు ఇక్కడ చెబుతాము. 1812లో మోస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు రాళ్ల గట్టిదనమును ఒకటి నుండి పది మెట్లుగా ఏర్పరచాడు. గోటితో గీరినా రాలే బలపపు రాయిది ఒకటవ మెట్టు. వజ్రముది పదవ మెట్టు. పలుగుది ఏడవ మెట్టు. అద్దము పలుగుకంటె మెత్తన. కాబట్టి సీసామీద గీత పడుట వజ్రమునకు రుజువు కాదు, పలుగు కూడా గీస్తుంది.

ఆకారమే నమ్మదగిన మొదటి గుర్తు. పలుగు ఆరు పక్కల స్తంభమువలె పెరుగుతుంది. వజ్రము చాలాసార్లు ఎనిమిది ముఖాలతో, రెండు గోపురాలను అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది. ఒకే పరిమాణముగల రెండు రాళ్లలో వజ్రము పలుగుకంటె బరువు. ఇంకొక ముఖ్యమైన మాట: సుత్తితో కొట్టి చూడవద్దు. గట్టిదనము వేరు, దెబ్బకు ఆగుట వేరు. నిజమైన వజ్రము కూడా సుత్తి దెబ్బకు పగులుతుంది. అనుమానముంటే తెలిసిన నిపుణునికి చూపించాలి గాని, దారిలో కలిసిన బేరగాని మాట నమ్మి అప్పు చేయరాదు.

వజ్రము తరువాతి మెట్టు, అనగా తొమ్మిదవది, కురువిందము. కెంపు, నీలము దాని జాతివే. ఇంగ్లీషువారు దానిని కొరండం అంటారు. ఆ మాట మన దక్షిణదేశపు భాషలనుండియే వారికి వెళ్లింది. లోకములోని శాస్త్ర పుస్తకాలలో మన మాట ఉన్నందుకు సంతోషించవచ్చును.

రాళ్లలో ఒక క్రమము

ఆ రాయి మా బల్లమీద వారము రోజులు ఉంది. చూసినకొద్దీ ఒక ప్రశ్న పుట్టింది. ఏ శిల్పీ చెక్కకుండ ఆ ఆరు పక్కలు ఎలా వచ్చినవి?

1669లో స్టెనో అనే డెన్మార్కు దేశస్థుడు దీనిని శ్రద్ధగా పరిశీలించాడు. లూథరన్ కుటుంబములో పుట్టి, వైద్యశాస్త్రము చదివి, తరువాత కతోలిక సంఘములో చేరి బిషపు అయినవాడు. పలుగు స్ఫటికము చిన్నదైనా పెద్దదైనా, పొట్టిదైనా పొడుగుదైనా, దాని ముఖాలమధ్య కోణాలు మారవని ఆయన కనుగొన్నాడు. డెన్మార్కు పలుగుకూ గుడిబండ పలుగుకూ కోణము ఒక్కటే. మరి నూరేండ్లకు ఫ్రాన్సు దేశములో అయుయి అనే గురువు, స్నేహితుని ఇంట సున్నపు స్ఫటికమొకటి పగిలినప్పుడు, ముక్కలన్నీ ఒకే వాలు పెట్టె ఆకారములో ఉండుట చూశాడు. ఇంకా పగులగొట్టినా అదే ఆకారము. స్ఫటికము లోపల కంటికి కనబడని చిన్న చిన్న ఇటుకలు వరుసగా పేర్చబడి ఉన్నవని గ్రహించాడు. ఈ శాస్త్రమునకు ఆయనను తండ్రి అంటారు.

దీనిని చూడడానికి ప్యారిస్ వెళ్లనక్కరలేదు. అక్కలారా, మీ వంటింటిలోని కల్లుప్పు రవ్వను భూతద్దము కింద పెట్టి చూడండి. చదరపు పెట్టెలు కనబడతాయి. పిల్లలకు ఇంకొకటి చూపించవచ్చును. వేడినీళ్లలో కరిగినంత ఉప్పు కరిగించి, దారము వేలాడదీసి, కదపకుండ కొన్ని రోజులు ఉంచితే దారానికి స్ఫటికాలు పడతాయి. తొందరపడి ఆరబెడితే చిన్నచిన్న రవ్వలే వస్తాయి. నెమ్మదిగా ఆరనిస్తే అందమైనవి వస్తాయి. భూమిలోని పలుగు స్ఫటికము కూడ అంతే. బండల పగుళ్లలో వేడి నీటిలో కరిగియున్నది, ఖాళీ చోటు ఉన్నచోట, నెమ్మదిగా పెరిగినప్పుడే ఆరు పక్కలు తీరుతాయి. చోటు లేనిచోట అది ముద్దగా మిగిలిపోతుంది. మన చేలగట్లమీద పడియున్న తెల్ల పలుగు ముక్కలు అటువంటివే. మన బిడ్డలు కూడ ఎదగడానికి చోటూ సమయమూ అడుగుతున్నారేమో తలిదండ్రులు ఆలోచించాలి.

రాళ్లను ప్రేమించిన మిషనెరీ

రాళ్లు ఏరుకొనుట సేవకునికి తగినదా అని కొందరు అడగవచ్చును. స్కాట్లాండు ఫ్రీ చర్చి పక్షమున 1845లో నాగపూరు చేరిన స్టీఫెన్ హిస్లాప్ దొరగారిని జ్ఞాపకము చేసికొందాము. ఆయన అక్కడ సువార్త ప్రకటించాడు, బడి పెట్టాడు, గోండు జనుల భాషను, ఆచారాలను శ్రద్ధగా వ్రాసిపెట్టాడు. సంచారములో వెళ్లినచోటనెల్లా రాళ్లను, రాళ్లలో అచ్చుపడిన పాతకాలపు ఆకులను, చేపలను ఏరి, ఎక్కడ దొరికినదీ గుర్తు వ్రాసి దాచాడు. మధ్యభారత భూగర్భమును గూర్చి పండితులకు ఆ సేకరణలు ఎంతో ఉపయోగపడినవి. ఆకుపచ్చ రంగు సున్నపు స్ఫటికము ఒకదానికి హిస్లాపైట్ అని ఆయన పేరు పెట్టారు. 1863 సెప్టెంబరులో, పురాతన రాతి సమాధుల తవ్వకాన్ని చూసి తిరిగివస్తూ, రాత్రివేళ వాగు దాటబోయి మునిగి చనిపోయాడు. ఆయన పేరిట నాగపూరులో హిస్లాప్ కాలేజీ నేటికీ ఉంది. సువార్త పనిలో అలసట ఎరుగని ఆ సేవకుడు రాళ్లకు వెల కట్టలేదు, వాటిని చదివాడు.

నాగపూరు మొదలుకొని పడమటి కనుమలవరకు పరచుకొన్న నల్లరాతిలోని బుడగలలో అందమైన స్ఫటికాలు పెరిగి ఉన్నవి. పూనా, జల్గాం, నాసిక్ ప్రాంతాలలో బావులు తవ్వినప్పుడు, కంకర క్వారీలు కొట్టినప్పుడు అవి బయటపడతాయి. కొన్ని ఆకుపచ్చగా, కొన్ని లేత గులాబీ రంగులో, కొన్ని విచ్చిన పువ్వువలె ఉంటాయి. వాటిని సానపట్టరు. పుట్టినవి పుట్టినట్టే దాచుకొంటారు. కొస విరగకుండ ఉంటేనే విలువ. అమెరికాలోని టూసాన్ పట్టణములో ప్రతి సంవత్సరము జరిగే రాళ్ల సంతకు మన దేశపు స్ఫటికాలు వెళుతుంటాయి. నాసిక్ దగ్గర సిన్నరులో గార్గోటి అనే మ్యూజియము వాటికోసమే ఉంది. అయితే కంకర మిల్లుకు పోవలసిన రాతిలోనుండి అటువంటి స్ఫటికాన్ని మొదట చూసి పక్కన పెట్టేది క్వారీ కూలివాని కన్నే. కన్ను తెరచి పనిచేసేవాడే దానిని కాపాడుతాడు.

ఇంటిలో రాళ్ల పెట్టె

మన ఊరి పేరులోనే బండ ఉంది. మన చుట్టూ ఉన్న బండలు 250 కోట్ల ఏండ్లకు పైబడినవని శాస్త్రజ్ఞులంటారు. ప్రభువు దృష్టికి అది ఏపాటి? సెలవులలో పిల్లలతో కలిసి ఒక రాళ్ల పెట్టె చేసికొంటే ఖర్చు ఏమీ లేదు, లాభము చాల ఉంది.

1. అట్టపెట్టె, ఖాళీ అగ్గిపెట్టెలు, కొంచెము దూది చాలును. రాయికి రాయి తగలకుండ ఉంచాలి.

2. దొరికిన రాయిని సబ్బునీళ్లతో, పాత బ్రష్షుతో మెల్లగా కడగాలి. యాసిడ్ జోలికి పోరాదు.

3. ప్రతి రాయితో ఒక చీటీ ఉండాలి. ఏ ఊరు, ఏ చేను లేక వాగు, ఏ తేదీ, ఎవరు ఏరారు? చీటీ లేని రాయి సాక్ష్యము లేని సాక్షివంటిది.

4. గుర్తుపట్టుట నేర్పాలి. పొరలుపొరలుగా లేచి మెరిసేది అభ్రకము. దానినే పిల్లలు కాకిబంగారమంటారు. గూడూరు గనులు దానికి పేరు. నిమ్మరసపు చుక్క వేస్తే బుడగలు వచ్చేది సున్నపురాయి. వాన వెలిసాక వంకలో పేరుకొన్న నల్ల ఇసుకలో అయస్కాంతము తిప్పితే ఇనుప రవ్వలు అంటుకొంటాయి.

5. పరుల చేనిలో అడగకుండ అడుగు పెట్టరాదు. నాబోతు పొలము సంగతి మరువరాదు. పెనుకొండ కోటలో, లేపాక్షిలో ఒక్క ముక్కనైనా తీయరాదు. గనుల తవ్వకానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

6. క్వారీలలోనికి పిల్లలను పంపరాదు.

ఈ ఆరవ మాటమీద ఇంకొంచెము చెప్పాలి. పలుగు చేతిలో ఉన్నంతవరకు అందము. దుమ్మై ఊపిరిలోనికి పోతే మృత్యువు. రాళ్లు కొట్టేచోట, మిషనుతో బొక్కలు వేసేచోట లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దానిని పూర్తిగా నయము చేసే మందు లేదు. చాలామంది దానిని క్షయ అనుకొంటారు. దుమ్ము పీల్చినవారికి క్షయ కూడ త్వరగా పట్టుకొంటుంది. క్వారీ పనికి వెళ్లే మన సహోదరులు దుమ్ము లేవకుండ నీళ్లు చల్లించుమని అడగాలి. మంచి మాస్కు ధరించాలి. తువ్వాలు చుట్టుకొంటే చాలదు. దగ్గు, ఆయాసము విడువకపోతే డాక్టరుకు తాము చేసే పని ఏమిటో చెప్పాలి.

ఇంకొక హెచ్చరిక. ఫలానా రాయి ఉంగరములో పెట్టుకొంటే అప్పులు తీరునని, సంతానము కలుగునని చెప్పేవారు మన ఇండ్లకు కూడ వస్తున్నారు. రాయికి అందము ఉంది, చేసినవాని జ్ఞానము అందులో ఉంది. మన బ్రతుకును నడిపించే శక్తి మాత్రము లేదు. రాయిని చూసి దాని సృష్టికర్తను స్తుతించుదము, రాయిని నమ్ముకొనవద్దు.

యోబు గ్రంథము 28వ అధ్యాయమును కుటుంబ ప్రార్థనలో చదవండి. దీపము పట్టుకొని చీకటి గనులలోనికి దిగేవారిని, నీలములను, బంగారు రజమును వెదికేవారిని ఆ భక్తుడు ఎంత చక్కగా వర్ణించాడో! అంతటి నేర్పుగల మనుష్యుడు జ్ఞానమును మాత్రము తవ్వి తీయలేడనీ, వెలపెట్టి కొనలేడనీ, దైవభయమందే అది దొరుకుననీ ముగించాడు. యెహోషువ 4వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు యొర్దానునుండి పన్నెండు రాళ్లు తెచ్చి నిలిపారు. అవి అమ్మకానికి కాదు. రేపు బిడ్డలు వాటిని గూర్చి అడిగినప్పుడు దేవుడు చేసిన మేలు చెప్పడానికే. మన రాళ్ల పెట్టె కూడ అటువంటిదైతే ధన్యము.

ఆ రాయి ఇప్పుడు ఎక్కడ ఉంది?

వారము తరువాత మేము ఆ రాయి తీసికొని ఆ సహోదరుని ఇంటికి వెళ్లాము. ప్రకటన గ్రంథము 21వ అధ్యాయము తెరిచి, పరిశుద్ధ పట్టణపు పునాదులలో పన్నెండవదాని పేరు చదివించాము. మన తెలుగు బైబిలులో సుగంధము అని ఉంది. ఇంగ్లీషులో అమెథిస్ట్ అనే ఊదారంగు రాయి అది. "అది ఏ జాతిదో తెలుసునా తమ్ముడూ? పలుగే. పలుగులో రవ్వంత ఇనుము చేరి, భూమిలోపలి సహజమైన కిరణాలు తగిలితే ఆ రంగు వస్తుంది. నీవు మా బల్లమీద వదిలివెళ్లినది దాని తోబుట్టువే" అన్నాము.

ఆయన చాలసేపు రాయివైపు చూశాడు. "అట్లయితే వజ్రము కాకపోయినా ఉత్త రాయి కాదు" అన్నాడు. ఆ వేళ ఆయన భార్య మొదటిసారి నోరు తెరిచి, "విత్తనము వేసే పదును ఇంకా నాలుగు దినాలే ఉంది" అంది.

ఆయన వజ్రకరూరు పోలేదు. శెనక్కాయ విత్తాడు. అద్భుతము జరిగిందని వ్రాస్తే అబద్ధమాడినవారమవుతాము. ఆ ఏడు వాన మధ్యలో మొగము చాటేసింది, పంట సగమే వచ్చింది, అప్పు కొంతే తీరింది. కాని విత్తనము వేళకు తండ్రి ఇంటిలో ఉన్నాడు, బిడ్డలు బడి మానలేదు. మిగిలిన అప్పుకు వడ్డీ తగ్గించుమని అడగడానికి సంఘపెద్దలు ఇద్దరు ఆయనతోపాటు వెళ్లారు. మరి ఎన్ని ఇండ్లలో ఇటువంటి భారము తువ్వాలు ముడిలో దాగి ఉందో! దానిని విప్పి చూపడానికి సంఘములో ఒకరైనా ఉండాలి. ప్రతి సంఘమును మేము వేడుకొనేది ఇదే.

రాయి ఇప్పుడు ఆ పిల్లవాని అగ్గిపెట్టెలో, దూదిమీద ఉంది. వానిచేత మేమే చీటీ వ్రాయించాము. పలుగు స్ఫటికము, మా చేను, తొలివాన మరునాడు, అని వ్రాశాడు. కింద తనంతట తానే ఇంకొక వరుస చేర్చాడు: అమ్మకానికి కాదు.

మన చేలలో మెరిసే ప్రతి రాయిని చేసిన దేవుడు, తన స్వాస్థ్యమైన మన కుటుంబాలను అంతకంటె ప్రియముగా దాచి కాపాడును గాక. ఆమేన్.